సిక్కూ కాదు, ఫిట్టూ కాదు

యాభై దాటిన ఆడవాళ్ళకు పోటీల్లో తేలిక జావెలిన్ ఇస్తారు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి నా అరచేతికి అలవాటైన బరువును లాక్కుని, ముసలమ్మకు చేతికర్ర అందించినట్టు ఇంకోటి పెడితే ఎవరికి మాత్రం బాగుంటుంది? పోటీలో తప్పదు కాబట్టి తేలికది పట్టుకునేదాన్ని గానీ, ప్రాక్టీసులో పంతానికి పాత బరువే విసిరేదాన్ని. అలాంటిది రెండు శీతాకాలాల క్రితం ఒక ఉదయం, మా రైల్వే గ్రౌండులో ఆ తేలికదాన్నే విసరబోయి సగంలో ఆగిపోయాను. కుడి భుజంలో ఏదో చిరిగినట్టయింది. జావెలిన్ ముందుకు పోకుండా నా పక్కనే అడ్డంగా పడింది. గ్రౌండు చుట్టూ నడిచేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు.

నేను ఖరగ్‌పూర్లో పుట్టి పెరిగినదాన్ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చాడు. మా నాన్న అదే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. నేను మాత్రం ఆ షాపు ముఖం చూడకుండా రైల్వేలో చేరాను, స్పోర్ట్స్ కోటాలో, ఈ కుడిచేతి పుణ్యమా అని. మొదట విసిరింది జావెలిన్ కూడా కాదు, చివర చెక్కిన వెదురుకర్ర. మా రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో ఆ రోజుల్లో ఆడపిల్ల ఉద్యోగం తెచ్చుకోవడమే వింత, కర్ర విసిరి తెచ్చుకోవడం మరీ వింత. మా అమ్మ ఇరుగుపొరుగుతో 'అమ్మాయికి ఉద్యోగం వొచ్చింది' అని ఒక్కసారి కూడా అనలేదు. 'మా గుంట ఇసిరి తెచ్చింది' అనేది. ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే నా వెన్ను నిటారుగా అవుతుంది.

మా రైల్వే ఇళ్ళలో ఒంటికి రెండే స్థితులు. సిక్కు, ఫిట్టు. ఒంట్లో బాగులేక డ్యూటీకి వెళ్ళలేని మనిషి రైల్వే డాక్టరు దగ్గరకెళ్ళి సిక్కులో పడతాడు. తగ్గాక అదే డాక్టరు ఫిట్టు రాసిస్తే తప్ప డ్యూటీలోకి తీసుకోరు. 'మీ నాన్న ఏడే?' అంటే చిన్నపిల్లలు కూడా 'సిక్కులో ఉన్నాడు' అంటారు, అదేదో పక్క వీధి అయినట్టు. అందుకే మా మనసుల్లో డాక్టరంటే నయం చేసే మనిషి కాదు, ఫిట్టు ఇచ్చే మనిషి. ఇవ్వకుండా ఆపగల మనిషి కూడా.

ఆటల్లో ఉన్నవాళ్ళకు ఈ బుద్ధి ఇంకా గట్టిగా పట్టింది. సిక్కులో పడ్డ పిల్ల పేరు టీము నుంచి పోతుంది, ఆమె బెర్తులో ఇంకో పిల్ల ఎక్కి పోటీకి వెళుతుంది. కాబట్టి పోటీలకు ముందు డాక్టరు ఎదుట మేం పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళం. ముందే నొప్పి మాత్ర మింగి, జుట్టు బిగించి, కుంటేవాళ్ళు కుంటడం మానేసి, నవ్వు ముఖంతో. ఆయన ఎక్కడ నొక్కినా 'ఏమీ లేదండీ' అనడం మాకు విసిరే ముందు తీసే రన్నప్ కంటే బాగా వచ్చు. దీనికి నేనేమీ సిగ్గుపడటం లేదు. అలా నోరు కట్టేసుకోబట్టే రైల్వే జెర్సీ వేసుకుని దేశంలో సగం గ్రౌండుల్లో విసిరాను. నా ఇంట్లో అన్నం ఉడికింది కూడా దానివల్లే.

భుజం పోయిన రోజు ఇంటికొచ్చి కూర్చుని ఒకటే అనుకున్నాను. వచ్చే శీతాకాలం మాస్టర్స్ మీట్‌లో, అంటే వయసు మళ్ళిన ఆటగాళ్ళ పోటీల్లో, నేను విసరాలి. ఆఫీసులో నాకింక ఎంతో సర్వీసు లేదు. ఎప్పుడు దిగాలో రైల్వే ముందే నిర్ణయించి పెట్టింది, అక్కడ నా మాట చెల్లదు. ఆటలో మాత్రం చెల్లాలి. ఆటలోకి నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనొచ్చాను. ఎప్పుడు మానాలో కూడా నేనే చెప్పాలి. భుజం చెప్పకూడదు, డాక్టరు అసలే చెప్పకూడదు.

మొదట మామూలుగా రైల్వే డాక్టరు దగ్గరకే వెళ్ళాను. మామూలుగానే ముస్తాబై వెళ్ళాను. చెయ్యి పైకెత్తమన్నాడు, మాత్ర పనిచేస్తున్న వేళ కాబట్టి చెవి పక్కగా నిలువునా ఎత్తాను. వెనక్కి తిప్పమన్నాడు, తిప్పాను. అడక్కపోయినా రెండు గుంజీళ్ళు కూడా తీసి చూపించాను. పాపం ఆయన ఎక్స్‌రే కూడా తీయించి, ఎముకకు ఏమీ కాలేదని, తనకంటే నేనే ఆరోగ్యంగా ఉన్నానని హిందీలో మెచ్చుకున్నాడు. పోటీ గెలిచినట్టు బయటికొచ్చాను. వచ్చేటప్పుడు మాత్రం సైకిలు హ్యాండిలు పట్టుకోలేక సగం దారి ఒంటిచేత్తో నడిపించుకుంటూ వచ్చాను.

మా ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. గుమ్మంలోనే ఏమన్నారని అడిగారు. ఫిట్టన్నారని చెప్పాను.

"ఫిట్టయితే మరి నీ జుట్టు నన్ను దువ్వమంటన్నావేటే?" అన్నారు.

నిజంగానే అప్పటికి రోజుల తరబడి నా తల ఆయనే దువ్వుతున్నారు, గార్డు పెట్టెలో సామాను సర్దినంత శ్రద్ధగా.

తర్వాత కలకత్తాలో ఒక పెద్ద ఎముకల డాక్టరు. అక్కడికీ అదే ట్రాక్‌సూటు, అదే మాత్ర, అదే నవ్వు. ఆయన నా చెయ్యి కాసేపు అటూ ఇటూ తిప్పి, నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు. ఈ వయసులో ఇంకా ఈ విసరడాలెందుకు దాదా, పొద్దున్నే కాస్త నడిచి ఇంటి పని చేసుకుంటే చాలదా అని బెంగాలీలో అడిగాడు. నేను కుర్చీలో ఉన్నాననే సంగతి ఆయనకు పట్టలేదు. ఇంట్లో తెల్లారి లేస్తే నన్ను ఆటపట్టించే మా ఆయన, అక్కడ మాత్రం బిగుసుకుని, విసిరేది ఆవిడ, అడగాల్సింది ఆవిడని అని అదే బెంగాలీలో చెప్పారు. లోకల్ రైల్లో తిరిగొస్తూ ఆయన పక్కన కూర్చుని ఎంత గర్వపడ్డానో ఆయనకు చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతారు. ఆ డాక్టరు పొడిచిన సూదితో కొన్నాళ్ళు బాగానే ఉంది. గ్రౌండులో మెల్లగా విసరడం మొదలుపెట్టగానే నొప్పి తిరిగొచ్చింది, ఈసారి మోచేతిని కూడా తోడు తెచ్చుకుని.

ఎండాకాలం వచ్చేసింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన నూనె రాసి మర్దనా చేశాడు. ఇల్లంతా వారం పాటు ఆ వాసనే. భుజం భుజంలాగే ఉంది. ఎవరి దగ్గరకెళ్ళినా ఒకటే జరిగేది. లోపల బ్రహ్మాండంగా చేసి చూపించేదాన్ని, బయటికొచ్చి ఏడుపు ఆపుకునేదాన్ని. ఎవరికీ ఏమీ తెలియడం లేదని తిట్టుకునేదాన్ని. నాకు ఏమవుతోందో ఒక్కరికైనా తెలియకపోతే ఎలా అని నిజంగా భయం పట్టుకుంది.

మా పాత టీములో షాట్‌పుట్ వేసే అక్క ఒకామె ఉంది. చర్చి పక్క వీధిలో ఇల్లు. నాకంటే ముందే రిటైరైంది, రెండు మోకాళ్ళూ మార్పించుకుంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికొచ్చి నా గోడు అంతా విన్నది. ప్రేమ్ బజార్‌లో ఆటల దెబ్బలు చూసే డాక్టరు ఉందని, పక్కనున్న పెద్ద కాలేజీలో ఫుట్‌బాలు ఆడి కాళ్ళు విరగ్గొట్టుకునే కుర్రాళ్ళంతా అక్కడికే పోతారని చెప్పింది. అంతా కుర్రాళ్ళు కూర్చునే చోట నేనేం కూర్చుంటాను అన్నాను.

"ఒలే, నువ్వు ముసల్దానివని ఎవలు సెప్పినారే? ఎల్లు," అంది.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ప్రేమ్ బజార్‌లో ఆ క్లినిక్కు ఒక స్టేషనరీ షాపు మీద మేడగది. కింద గోడ పొడుగునా సైకిళ్ళు. నేను ఇంట్లోనే మాత్ర వేసుకుని, ట్రాక్‌సూటు తొడుక్కుని, జుట్టు బిగించి వెళ్ళాను. మెట్లు నిటారుగా ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు కదా అని నాకు వీలైనట్టు ఎక్కాను. రెయిలింగు పట్టుకుని, కుడికాలు పై మెట్టు మీద వేసి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కుంటూ. సగం ఎక్కాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. వెంటనే నిటారుగా నిలబడి, ఫోను చూసుకుంటున్నట్టు నటించి దారిచ్చాను. చేతిలో గొడుగు, టిఫిన్ క్యారియరు ఉన్న బక్కపిల్ల ఒకతె నన్ను దాటి పైకి వెళ్ళింది. కాలేజీ పిల్ల అనుకున్నాను. నా వంతు వచ్చి లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్లే డాక్టరు కుర్చీలో కూర్చుని ఉంది.

నేనేం తగ్గలేదు. భుజం నొప్పి అని చెప్పి, చెయ్యి ఎత్తి చూపించాను, తిప్పి చూపించాను, గుంజీళ్ళు తీశాను. ఆ అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక్క మాట అడ్డు చెప్పకుండా మొత్తం చూసింది. బోర్డు బెంగాలీలో, ఇంగ్లీషులో ఉంది. అంతవరకూ నాతో మాట్లాడింది కూడా బెంగాలీలోనే. ఇప్పుడు మాత్రం అచ్చం మా ఇళ్ళ తెలుగులో, మీది రైల్వేయేనా అని అడిగింది. అవునన్నాను. తను ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో పెరిగానని, వాళ్ళ నాన్న రైలు డ్రైవరని చెప్పింది.

డ్రైవర్లకు ఇన్నేళ్ళకోసారి అని డాక్టరీ పరీక్ష ఉంటుంది. అందులో ఫిట్టు రాకపోతే ఇంజను దింపేసి ఏదో కుర్చీ పనిలో కూర్చోబెడతారు. డ్రైవరుకు అంతకంటే చిన్నతనం ఇంకోటి లేదు. పరీక్ష దగ్గరపడితే వాళ్ళింట్లో ఎలా ఉండేదో ఆ అమ్మాయి చెప్పింది. కూరల్లో ఉప్పు తగ్గిపోయేదట. టీ బందు. పిల్లలు గోల చేస్తే అమ్మ నోరు మూయించేది, నాన్న బీపీ పెరుగుతుందని. గుండెలో పట్టేసినట్టు ఉందని ఇంట్లో గోడకు ఆనుకుని చెప్పిన మనిషి, డాక్టరు ముందు నవ్వుతూ నిలబడేవాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నేను కూడా నవ్వాను, మా ఇంటి కథే కాబట్టి.

"మా నాన్న ఏనాడూ సిక్కులో పడనేదు పిన్నీ," అంది ఆ అమ్మాయి. "ఫిట్టుగానే పోయినాడు."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల ఓదార్పు కోసం చెప్పినట్టు లేదు. టేబులు మీద కాగితాలు కాస్త పక్కకు జరిపి, ఎడమ మోకాలు ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని అడిగింది. నేను భుజం చూపించుకోవడానికి వచ్చానన్నాను. ఎడమ మోకాలికి ఏమీ లేదన్నాను. నోటి అలవాటు అది, నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది.

"మెట్ల మీద సూసినాను పిన్నీ. నాను ఫిట్టు ఇచ్చీదాన్ని కాను, సిక్కులో పెట్టీదాన్నీ కాను. నీకేటి సెయ్యాలనుందో ముందు అది సెప్పు. తరవాత ఎక్కడెక్కడ నొప్పో సెప్పు."

అన్ని నెలల్లో అంతమంది దగ్గర తిరిగాను. నీకేం చేయాలని ఉంది అని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

"ఇసరాల," అన్నాను.

ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. ఎడమ మోకాలి సంగతి చెప్పాను. వానకు తడిసిన రన్నప్ మీద ఆఖరి అడుగు జారి, అయినా విసిరి, ఆ రోజు బంగారు మెడల్ మెడలో వేసుకున్న సంగతి చెప్పాను. ఇంటికొచ్చాక వాచిన మోకాలిని ఎవరికీ చూపించకుండా చీర కట్టుకుని తిరిగిన సంగతి చెప్పాను. మడమ నొప్పి చెప్పాను, నడుము నొప్పి చెప్పాను, చలికాలంలో కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం చెప్పాను. ఒక్కో నొప్పికి ఒక ఊరు ఉంది, ఒక పోటీ ఉంది. అవన్నీ నేను ఎవరికీ చెప్పనివి, మా ఆయనకు కూడా సగమే తెలిసినవి. ఆ అమ్మాయి నా మోకాలి చిప్ప చుట్టూ వేళ్ళతో తడుముతూ, వానరోజు విసిరింది ఎంత దూరం పడింది అని అడిగింది. చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసిన చూపులో జాలి లేదు. నా నొప్పులను నా మెడళ్ళంత మర్యాదగా విన్న మనిషి దొరికిందని అప్పుడే అర్థమైంది.

విసరడం చూడకుండా భుజం గురించి ఏమీ చెప్పనంది. ఆ ఆదివారం పొద్దున్నే రైల్వే గ్రౌండుకు వచ్చింది, అదే గొడుగుతో. మాత్ర వేసుకోవద్దని ముందే ఆజ్ఞ. నన్ను మెల్లగా, సగం బలంతో విసరమంది. అందరూ కుడివైపు నిలబడి చెయ్యి చూస్తారు. ఆమె ఎడమవైపు నిలబడి కాలు చూసింది. మూడో విసురుకే చాలంది.

కుడిచేత్తో విసిరేవాళ్ళకు ఆఖరి అడుగు ఎడమకాలిది. ఆ కాలు నేలలో గుంజలా దిగి నిలబడాలి. అప్పుడే పరిగెత్తి తెచ్చుకున్న వేగమంతా ఒంట్లోంచి చేతిలోకి, చేతిలోంచి జావెలిన్‌లోకి పోతుంది. నా ఎడమ మోకాలు నిలబడటం లేదు. నొప్పికి భయపడి, నాకే తెలియకుండా, ప్రతి విసురుకూ మడుచుకుంటోంది. దాంతో భారమంతా భుజం మీద పడుతోంది.

"భుజానికి రోగం నేదు పిన్నీ," అంది. "మోకాలు సిక్కులో ఉంటే భుజం డబుల్ డ్యూటీ సేస్తంది. ఎన్నాళ్ళని సేస్తది?"

నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎన్నేళ్ళుగా అదే గ్రౌండులో కొత్త పిల్లలకు నేర్పుతున్నాను! ఎడమకాలు మడవకండి, మడవకండి అని గొంతు చించుకుని అరిచినదాన్ని. నా కాలు మడుచుకుంటుంటే ఒక్కరూ నాతో అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది, నేను ఫిట్టు కదా.

అప్పటి నుంచి నెలల తరబడి విసరడం బందు. మోకాలికి బలం, తర్వాత నడుముకు, ఆ తర్వాతే భుజానికి. మా క్వార్టరు వరండా మెట్టు మీద ఒంటికాలితో దిగడం, ఎక్కడం. పాత సైకిలు ట్యూబు కిటికీ ఊచకు కట్టి లాగడం. మా ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, కాలు వంకరపోతే విజిల్ వేసేవారు. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మంచి డ్యూటీ అది. ప్రేమ్ బజార్ మేడమీద బెంచీలో కుర్రాళ్ళ మధ్య కూర్చోవడం అలవాటైంది. మొదట్లో మాషీమా, అంటే పిన్నిగారూ, అంటూ జాలిగా జరిగి చోటిచ్చేవాళ్ళు. నా ఆట ఏమిటో తెలిశాక నా మోకాలు ఎలా ఉందని అడగడం మొదలుపెట్టారు, ఒక ఆటగాడు ఇంకో ఆటగాడిని అడిగినట్టే.

అన్నింటికంటే కష్టమైంది వ్యాయామం కాదు. నొప్పి ఉన్న రోజు ఉందని చెప్పడం. డాక్టరమ్మ ఫోను చేసి ఈయేల ఎలగుంది అంటే బాగుంది అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉండేది. దాన్ని మింగి, మెట్టు దిగేటప్పుడు గుచ్చుతోంది అని చెప్పడానికి నాకు వానాకాలమంతా పట్టింది. పాత బరువు జావెలిన్ ముట్టుకోవద్దన్నప్పుడు మాత్రం పోట్లాడాను. ఆ పిల్ల ఊరికే నవ్వి, తేలికదాన్ని వంకర పోకుండా విసిరి చూపించమంది. చూపించలేకపోయాను. అది చెయ్యి ఏమాత్రం తప్పినా గాలిలో వణుకుతుంది, దాన్ని బలంతో లొంగదీయలేం. అది ముసలివాళ్ళ మీద దయతో ఇచ్చింది కాదని, దానికీ పనితనం కావాలని ఒప్పుకున్నాక ఆ పని మీద పడ్డాను. నేర్చుకున్నాను కూడా. ఆ వయసులో కొత్త విసురు నేర్చుకున్న చెయ్యి నాది.

శీతాకాలం మీట్ కలకత్తాలో. పోటీకి ముందు మా వయసువాళ్ళనంతా ఒక షామియానా కింద కూర్చోబెట్టారు. బెంగాల్ వాళ్ళు, ఒడిశా వాళ్ళు, పాత రైల్వేవాళ్ళు, పోలీసువాళ్ళు. సగం మంది నాకు పడుచుతనం నుంచి ఎరుకే. అందరూ నిటారుగా, చలాకీగా, ఒంట్లో ఒక్క నొప్పి లేనట్టు కూర్చున్నారు. ఎవరు మాత్ర మింగి వచ్చారో ముఖాలు చూస్తే నాకు తెలిసిపోతుంది. వైద్యం చూసే అమ్మాయి వచ్చి ఎవరికైనా ఏదైనా ఇబ్బంది ఉందా అని హిందీలో అడిగింది. ఎవరూ పలకలేదు.

నేను చెయ్యెత్తాను. ఎడమ మోకాలు పాత దెబ్బ, కుడి భుజం పోయినేడాది దెబ్బ, రెండూ చూసుకుంటున్నాను, విసురుతాను అని గట్టిగా చెప్పాను. ట్రాక్ ప్యాంటు మోకాలి పైకి లాగి, అందరూ చూస్తుండగా పట్టీ చుట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంతకుముందు బాత్రూముల్లో తలుపేసుకుని చుట్టుకునేదాన్ని. ఈసారి ఎండలో, తీరిగ్గా, నగ పెట్టుకున్నట్టు చుట్టుకున్నాను. పక్కనున్న ఒడిశా ఆవిడ కాసేపు నా మోకాలి వంక చూసి, తన సంచీలోంచి మడమ పట్టీ తీసింది. ఆ వెనక ఎవరో నడుము బెల్టు తీశారు. చూస్తుండగా షామియానా కింద అందరి ఒళ్ళోనూ పట్టీలే. ఒకరిది ఒకరు చూసుకుని, ఇది ఏ ఊళ్ళో, అది ఏ ఏడు అని అడగడం మొదలైంది. అంత గొప్ప వీరుల మధ్య కూర్చున్నానని నాకు ఆ రోజే తెలిసింది.

పిలిచారు. మొదటి విసురులో భయం ఉంది, దగ్గరలోనే పడింది. తర్వాతి వాటిలో కాలు కుదురుకుంది. చివరి విసురుకు ముందుదానికి పరిగెత్తినప్పుడు ఎడమకాలు నేలలో దిగింది, మోకాలు మడవలేదు, ఒళ్ళంతా దాని మీదుగా విల్లులా తిరిగింది. జావెలిన్ వణక్కుండా పోయింది. నా పడుచుతనపు దూరం కాదు అది. అయినా ఆ క్షణం నాకు వానరోజు కంటే గొప్పగా ఉంది, ఎందుకంటే ఈసారి ఏదీ దాచుకుని విసరలేదు. విసురు చెల్లిందని తెల్లజెండా లేచింది. మూడో చోటు నుంచి రెండో చోటుకు వచ్చాను.

ఇంకొక్క విసురు మిగిలి ఉంది. మొదటి చోటులో ఉన్నావిడకూ నాకూ మధ్య బెత్తెడు తేడా. తిరిగొచ్చి నిలబడ్డప్పుడు భుజం లోపల చిన్నగా కదిలింది. నొప్పి కాదు. నొప్పికి ముందు వచ్చే పిలుపు. నెలల తరబడి వినడం నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు వినిపించింది. వెనకటి నేనైతే పళ్ళు బిగించి విసిరేదాన్ని. గెలిచేదాన్నేమో కూడా.

నా పేరు పిలిచినప్పుడు న్యాయనిర్ణేత దగ్గరకెళ్ళి 'పాస్' అన్నాను. అంటే ఈ విసురు వదులుకుంటున్నానని. నా ఆట మొత్తంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన నమ్మలేక మళ్ళీ అడిగాడు. తల ఎత్తి, మళ్ళీ చెప్పాను. నన్ను ఎవరూ ఆపలేదు. నేనే ఆగాను, రెండు కాళ్ళ మీద నిలబడి.

మెడల్ వేసుకుని వస్తుంటే మా ఆయన కంచె దగ్గర కాచుకుని ఉన్నారు. ముఖం చిన్నబుచ్చుకుని, ఆఖరిది ఎందుకు మానేసినావని అడిగారు.

"మాననేదండీ. వొచ్చే ఏడాదికి ఉంచినాను," అన్నాను.